మీదే అనుకోండి

కొట్టు పెద్దాయన పోయారని గ్రూపులో చూశాను. పాత కొట్టు వాళ్ళందరం ఉన్న గ్రూపు అది. బాల్సా అనే తేలిక చెక్కతో విమానాలు, పడవలు, వంతెనలు చేసుకునే పిచ్చివాళ్ళం రాజమండ్రిలో ఒకప్పుడు బాగానే ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ ఏమీ చెయ్యడం లేదు గానీ గ్రూపు మాత్రం మిగిలింది, పొద్దున్నే పువ్వుల ఫొటోలు పంపించుకోడానికి. ఆ పువ్వుల మధ్యలో ఆయన ఫొటో వచ్చింది. వెంటనే జోడించిన చేతులు వరస కట్టాయి. మహానుభావుడన్నారొకరు. తన చేతికి బ్లేడు పట్టుకోవడం నేర్పింది ఆయనేనన్నారు ఇంకొకరు. "మేడమ్, మీరు బాగా దగ్గర్నుంచి చూశారు కదా, ఓ నాలుగు మాటలు రాయండి" అని నన్నడిగారు.

మంచి మాటలు వాళ్ళే రాసేశారు. అవన్నీ నిజమే. మిగిలినవి నా దగ్గరున్నాయి కాబట్టి నేను రాస్తున్నాను. పోయిన మనిషి గురించి ఇలా రాయొచ్చా అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

కొట్టు మెయిన్ రోడ్డు మీద కాదు, పక్క సందులో, గడియారాలు బాగుచేసే కొట్టుకీ చీరలకి ఫాల్స్ కుట్టే కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. గోడల నిండా అరలు, అరల నిండా మందాన్ని బట్టి సర్దిన చెక్క పలకలు, చిన్న చిన్న మోటార్లు, జిగురు సీసాలు, రంగు డబ్బాలు. ఆయన కుర్చీ వెనక ఒక అద్దాల బీరువా. గుమ్మం ఎక్కగానే చెక్కపొడీ వార్నిషూ కలిసిన వాసన వచ్చేది. నేను పోస్టాఫీసు కౌంటర్లో కూర్చునేదాన్ని. ఆ వాసన తగిలితేనే డ్యూటీ దిగినట్టుండేది నాకు.

చెక్క పలక ఎవరికిచ్చినా, ఇచ్చే ముందు దాన్ని బుగ్గకి ఆనించుకునేవారు ఆయన, పిల్లాడికి జ్వరం చూసినట్టు. తడి ఉంటే అలా తెలుస్తుందట. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ముందు ఉఫ్ మని ఊదేవారు. చెక్కపొడి ఊదీ ఊదీ అలవాటైపోయింది. చల్లారిపోయిన టీని ఊదేవారు. జేబులోంచి తీసిన పెన్నుని ఊదేవారు. కోరుకొండ తీర్థంలో ఒకసారి ఎదురుపడ్డారు, చేతిలో ప్రసాదం దొన్నె. దాన్ని కూడా ఊదుతుంటే నాకు నవ్వాగలేదు. "ఏం చేస్తామండీ, నరసింహస్వామి కూడా ఏమీ అనుకోడు లెండి" అన్నారు.

అందరినీ అండీ అనేవారు. నిక్కరేసుకుని వచ్చినవాణ్ణి కూడా "ఏం కావాలండీ?" అని అడిగితే, వాడు వెనక్కి తిరిగి వాళ్ళ నాన్న వచ్చాడేమోనని చూసుకునేవాడు. ఒక కిట్ పూర్తిచెయ్యకుండా రెండోది అడిగితే ఇచ్చేవారు కాదు. "ముందుది అయ్యిందాండీ?" అనేవారు. అవలేదంటే ఆ డబ్బా మళ్ళీ అటక మీదకి పోయేది. జిగురు ఆరకుండానే గ్లైడరు ఎగరేస్తానని ఎవరైనా గింజుకుంటే, "తొందరేంటండీ, మధురపూడి విమానాశ్రయం ఎక్కడికీ పోదు, ఆకాశం అసలే పోదు" అనేవారు.

ఆయనకి పడని మాట ఒక్కటే, బొమ్మ. ఎవరైనా పొరపాటున గుమ్మంలో నిలబడి "బొమ్మలున్నాయాండీ?" అని అడిగారో, మొహం మాడ్చుకుని "బొమ్మల కొట్టు పక్క వీధండీ" అని వేలు చూపించేవారు. పక్క వీధిలో బొమ్మల కొట్టేమీ లేదు. ఎంతమంది అక్కడ తిరిగి తిరిగి ఆయన్ని తిట్టుకున్నారో. కొన్నది బొమ్మ, చేసుకున్నది మోడలు, ఇదీ ఆయన లెక్క. ఈ లెక్కకి నేను పూర్తిగా పడిపోయాను.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు లోపలున్న మగవాళ్ళంతా కొట్టు పొరబడి వచ్చాననుకున్నారు. ఫాల్స్ కొట్టు పక్కదమ్మా అని ఒకాయన దారి కూడా చూపించారు. ఈయన మాత్రం ఏం చెయ్యాలనుకుంటున్నారని అడిగారు. లాంచీ చెయ్యాలన్నాను.

"ఏ లాంచీ అండీ?"

"మా నాన్న నడిపిందండీ. సరంగుగా చేసేవాడు. ఇక్కణ్ణుంచి పోలవరం దాకా తిరిగేది."

"ఫొటో ఉందాండీ?"

లేదు. ఎవరు తీశారు గనక. మాది గోదావరి మీద చేపలు పట్టుకుని బతికిన ఇల్లు. మా వాళ్ళలో వల వదిలి లాంచీ చుక్కాని పట్టుకున్నది నాన్నొక్కడే. ఆ లాంచీని ఎప్పుడో విడగొట్టి ఇనుము పాత సామాన్లకీ చెక్క పొయ్యిలోకీ పంపేశారు. అది ఎలా ఉండేదో నాన్నకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. నాన్నకి అప్పటికే ఆయాసం. ఆ మాటే చెప్పాను. ఆయన పలకని బుగ్గ మీంచి తీసి, "అయితే నాన్నగారినే తీసుకురండి" అన్నారు.

తీసుకెళ్ళాను. నాన్న గట్టు మీద ఉన్నట్టే కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, చేతులు బారచాపి కొలతలు చెప్పాడు. టాపు ఇంత, ముక్కు ఇంత, ఇంజను గది కిటికీ నా ముక్కు కిందికి వచ్చేది. వరద నీళ్ళప్పుడు ఎడం పక్కకి ఒరిగి గట్టుకి రాసుకునేది, అందుకని ఆ పక్క చెక్క కాస్త మందంగా వేశారు. ఈయన ఒక్కొక్కటే కాగితం మీద గీస్తూ, "ఇలాగాండీ?" అనేవారు. "అలా కాదండీ, ఇంకాస్త కడుపుతో ఉన్నదాన్లా ఉండాలి" అనేవాడు నాన్న. ఆ సాయంత్రాలు నాన్న దగ్గలేదు. ఇంట్లో ఎవరూ అడగని మాటలు అక్కడ ఒకరు కూర్చుని అడిగారు. ఆ ఒక్క సంగతికి ఆయన ఏం అడిగినా ఇచ్చేసేదాన్ని. అడగలేదు, అదే నా బాధ.

కోసింది, అతికించింది నేనే. ఆయన పక్కన నిలబడేవారు గానీ చెయ్యి పెట్టేవారు కాదు. పడవ చేసినవాళ్ళెవరైనా ఆదివారం పొద్దున్నే రేవుకి తెచ్చి నీళ్ళకి దింపాలన్నది ఆ కొట్టు ఆచారం. తేలితే దానికి అద్దాల బీరువాలో చోటు. మా లాంచీ తేలింది. మోటారు వేస్తే గుడగుడమని మెట్ల వెంబడే వెళ్ళింది. స్నానాలకి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని మునగడం మానేసి చూశారు. కొంచెం ఎడం పక్కకి ఒరిగింది. నాన్న మెట్టు మీద కూర్చుని, "అదేనమ్మా. అదే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ఈయన దాన్ని నీళ్ళలోంచి తీసి, తుడిచి, ఊది, "కొట్లో పెట్టుకోవచ్చాండీ?" అని నాన్నని అడిగారు.

"అయ్యో, అడగాలాండీ. మీదే అనుకోండి" అన్నాడు నాన్న.

ఈ మాట మా గోదావరి వాళ్ళం రోజుకెన్నిసార్లు అంటామో మాకే తెలియదు. ఇల్లు బాగుందండీ అంటే మీదే అనుకోండి అంటాం. కొత్త బండి బాగుందంటే మీదేనండీ, ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకెళ్ళండి అంటాం. అన్నారు కదా అని ఎవరూ తాళం తీసుకుని వెళ్ళిపోరు. మాట మర్యాదకి, వస్తువు ఎవరిది వాళ్ళకి. పాలు తాగే వయసు నుంచీ మాకిది తెలుసు. ఆయనా మా వైపు మనిషే, ఆయనకీ తెలుసు.

నాన్న పోయాక కూడా లాంచీని ఇంటికి తెచ్చుకోలేదు. రోజూ ఆఫీసు వదిలాక ఆ సందులోంచి వచ్చేదాన్ని. అద్దంలోంచి అది కనిపిస్తే, నాన్న పోలవరం ట్రిప్పు వెళ్ళాడు, వస్తాడు అన్నట్టుండేది. ఇంట్లో పెట్టుకుంటే దండెయ్యాలనిపిస్తుంది. ఆ కొట్టు ఆ పనికి నాకు ఇంటికంటే నమ్మకమైన చోటు. చోటంటే చోటు కాదు, ఆ మనిషి.

తర్వాత జరిగింది అన్ని ఊళ్ళలో జరిగిందే. జనం కొట్లోకి వచ్చి పలకలు తడిమి, ఏ మందం వాడాలో ఆయన్ని గంటసేపు అడిగి, గుమ్మం దిగుతూ ఫోనులో ఆర్డరు పెట్టుకునేవాళ్ళు. కొందరు దిగేదాకా కూడా ఆగేవాళ్ళు కాదు. ఆయన ఎదురుగానే, "ఇందులో ఇంకా తక్కువకొస్తోందండీ" అని చూపించేవాళ్ళు. "అవునండీ, బాగుందండీ" అనేవారు ఆయన. ఆ ఫోను చేతికిస్తే దాన్ని కూడా ఊది ఇచ్చేవారు. స్కూళ్ళలో ప్రాజెక్టులు పెరిగాయి గానీ చేసే పిల్లలు తగ్గారు. తల్లులు స్కూటీ దిగకుండానే "రేపటికి అగ్నిపర్వతం కావాలండీ, చేసి ఉన్నదే" అని అడిగేవాళ్ళు.

మొదట్లో లేదనేవారు. తర్వాత ఒక రోజు కౌంటరు కింద చూశాను, చేసిన అగ్నిపర్వతాలు. వరసగా, ఆరబెట్టిన అప్పడాల్లా. నేను చూశానని ఆయన చూశారు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. బతకాలి కదా అని సర్దిచెప్పుకున్నాను. కొట్టు మాత్రం ఉండాలి, ఎలా ఉన్నా ఫరవాలేదు అనుకున్నాను.

ఆ తర్వాత నన్ను రామచంద్రపురం వేశారు. బస్సులో వెళ్ళి రావడంతోనే పొద్దు గూకిపోయేది. ఆ సందు వైపు వెళ్ళడం తగ్గింది. మళ్ళీ రాజమండ్రి వేశాక, మొదటి సాయంత్రమే కొట్టుకెళ్ళాను. బోర్డు మారింది. పుట్టినరోజు డెకరేషన్లు, బెలూన్లు, బొమ్మలు అని ఉంది. అవును, బొమ్మలు అనే ఉంది. లోపల చెక్క వాసన లేదు, రబ్బరు వాసన. చెక్క పలకలు మూల ఒక్క అరలో నాలుగే ఉన్నాయి. అద్దాల బీరువాలో మా లాంచీ ఉండే అరలో గాలి ఊదని వెండి రంగు అంకెల బెలూన్లు మడతపెట్టి ఉన్నాయి. మిగతావాళ్ళ విమానాలు, వంతెనలు, ఓడలు కూడా ఏవీ లేవు.

"ఏవండీ, లాంచీ ఏదండీ?" అన్నాను.

ఆయన ఏదో ప్యాకెట్టు ఊదుతున్నారు. తలెత్తలేదు. "హోటళ్ళ డెకరేషన్ వాళ్ళు అడిగారండీ. అన్నీ ఇచ్చేశాను."

"నాది కూడానాండీ?"

"మీ నాన్నగారు నాదే అనుకోమన్నారు కదండీ" అన్నారు. ప్యాకెట్టు కింద పెట్టి, "అనుకున్నానండీ" అన్నారు.

దొంగతనం చేశానన్నా ఊరుకునేదాన్నేమో. మా నాన్న మర్యాదని పట్టుకుని, నాన్న నోటి మాటని నాన్నే లేనప్పుడు నా మొహాన కొట్టారు. బయటి ఊరు మనిషై ఉండి తెలియక అలా అనుకుంటే నవ్వి వదిలేద్దును. ఎక్కడ పెట్టారో చెప్పండి, వెళ్ళి తెచ్చుకుంటానన్నాను. "ఎక్కడ పెట్టుకున్నారో నాకు తెలీదండీ" అన్నారు. నమ్మాను. అప్పటికీ నమ్మాను.

తర్వాత ఎన్ని హోటళ్ళ గోడలు చూశానో చెప్పలేను. పెళ్ళికి వెళ్ళినా ముందు గోడలే చూసేదాన్ని. మా బంధువులు నాకేదో వాస్తు పిచ్చి పట్టిందనుకున్నారు. చివరికి ఎవరిదో అన్నప్రాసన భోజనాలకి, కొవ్వూరు దాటాక రోడ్డు పక్కన కొత్తగా కట్టిన హోటలుకి వెళ్ళాం. తిన్నాక చేతులు కడుక్కుందామని లేచాను. కుళాయిల దగ్గర పెద్ద అద్దం. అద్దానికి కుడి పక్కన గోడకి మా లాంచీ ఉంది. ఎడం పక్క గోడకీ మా లాంచీ ఉంది.

ముందు అర్థం కాలేదు. చేతులు అలాగే తడిగా పెట్టుకుని దగ్గరికి వెళ్ళాను. ముక్కు నుంచి వెనక దాకా నిలువునా రెండుగా కోసి, చెరో సగం చెరో గోడకి బిగించారు. కుడి సగం కుడి పక్క, ఎడం సగం ఎడం పక్క. ఎడం సగానికి చెక్క మందంగా ఉంది, వరద నీళ్ళ కోసం. టాపు, ఇంజను గది, చుక్కాని పక్కన నాన్న నిలబడే చోటు, అన్నీ సగం సగం. జనం నా వెనక నిలబడి, కాస్త జరగండమ్మా అంటున్నారు.

హోటలు యజమాని కుర్రాడు, ఆ చుట్టుపక్కల రైతుల ఇంటివాడు, మంచివాడే. నా మొహం చూసి కంగారుపడి కుర్చీ వేయించాడు. ఇది నాదని చెబితే వాదించలేదు. "పట్టుకెళ్ళండి మేడమ్, మేము వేరేవి ఏవైనా పెట్టించుకుంటాం" అని అప్పటికప్పుడు మరలు విప్పించాడు. అంత తేలిగ్గా ఇచ్చేస్తుంటే నాకు ఇంకా మండింది. ఎవరు కోశారండీ ఇలా అని అడిగాను.

"ఆ కొట్టు పెద్దాయనేనండి. ఆయనే వచ్చి బిగించి వెళ్ళారు. మేము ఒక పక్కకే అడిగామండి, మధ్యకి కోస్తే రెండు గోడలకీ వస్తుందని ఐడియా ఆయనదే" అన్నాడు.

తెలీదండీ అన్న మనిషే మరలు బిగించి వెళ్ళాడు.

రెండు సగాల్నీ ఇంటికి తెచ్చి, పాత చీరలో చుట్టి, సంచీలో పెట్టుకుని, కొట్టుకి కాదు, తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి కొట్టు మూసేశారని వాళ్ళావిడ గుమ్మంలోనే చెప్పింది. ఆయన లోపల నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు, బాగా చిక్కిపోయారు. జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వేసింది కూడా. అయినా సంచీ విప్పి రెండు సగాలూ మంచం మీద పెట్టాను.

ఆయన ఒకటి చేతిలోకి తీసుకున్నారు. ఊదారు. కోసిన వైపు తిప్పి, బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివర దాకా రాశారు. కోసిన చోట ఉప్పుకాగితం పట్టి, వార్నిష్ కూడా వేసి ఉంది. ఆయన మొహంలో సిగ్గేమైనా కనిపిస్తుందేమోనని చూస్తున్నాను.

"చూశారాండీ, ఎక్కడా చీలలేదు. టాపు దగ్గర చాలా ఇబ్బంది పెట్టింది. సన్న రంపంతో కూర్చుని కూర్చుని కోశానండీ" అన్నారు.

మెచ్చుకుంటాననుకున్నారు. నిజంగానే అనుకున్నారు. ఆ కోత నిజంగానే బాగుంది, అది నాకు తెలుసు.

"ఎందుకు చేశారండీ ఇలా?" అని అడిగాను.

"కొట్టు ఇంకొన్నాళ్ళు నడిచిందండీ వాటితో."

"ఎవరి కోసం నడిపారండీ?"

"మీలాంటి వాళ్ళ కోసమేనండీ. చేసుకునేవాళ్ళు వస్తే చెక్క దొరకాలి కదండీ."

చేసుకునేవాళ్ళు చేసి దాచుకున్నవన్నీ అమ్మేసి, చేసుకునేవాళ్ళ కోసం చెక్క తెచ్చి పెట్టారట. గ్రూపులో మహానుభావుడన్న వాళ్ళ విమానాలు కూడా ఏదో ఒక గోడ మీద ముక్కలుగా ఉన్నాయి. వాళ్ళు వెతుక్కోలేదు, అంతే తేడా. వెతుక్కోనివాళ్ళకి ఆయన మంచివాడుగానే మిగిలిపోయారు. ఒక్కోసారి వాళ్ళంటే నాకు అసూయ.

ఆయన రెండో సగం కూడా తీసుకుని, రెండింటినీ పక్కపక్కన పట్టి, ఒక కన్ను మూసి చూశారు. "కలిసిపోతాయండీ. అతుకు కూడా కనపడదు. ఇచ్చి వెళ్ళండి, వారంలో చేసి పెడతాను" అని నా వైపు చూశారు.

పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళు అడిగినదానికి లేదని చెప్పి ఎరగను. మా ఇళ్ళలో ఇష్టం లేకపోతే చూద్దాంలెండి అంటాం, తర్వాత వస్తానండీ అంటాం. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి.

"ఇవ్వనండీ" అన్నాను.

చేతుల్లోంచి ఆ సగాలు తీసుకుని మళ్ళీ చీరలో చుట్టుకున్నాను. ఆయన చేతులు కాసేపు అలాగే గాల్లో ఉండిపోయాయి. "మంచిదండీ" అన్నారు. అదే ఆఖరు.

తర్వాత నేనే అతికించబోయాను. అతికించడం నాకు వచ్చు, నేర్పింది ఆయనే. రెండు సగాల్నీ దగ్గరకి చేర్చి చూస్తే లాంచీ సన్నగా కనిపించింది. ఎంత సన్నటి రంపమైనా తన పళ్ళ మందాన చెక్కని పొడి చేసేస్తుంది. అలా పొడైపోయింది సరిగ్గా మధ్య చెక్క. నాన్న చేతులు చాపి చెప్పిన కొలతలో అంత మేర తగ్గిపోయింది. ఎంత తగ్గిందో నేను కొలవగలను. మళ్ళీ చెప్పమని అడగడానికి నాన్న లేడు. జిగురు సీసా మూత పెట్టేశాను.